జరగని ఏడో రౌండు

ఆ బాక్సింగ్ పోటీలో ఛాంపియన్ ఓడిపోతాడని తమకి ముందే తెలుసని చెప్పేవాళ్ళు ఇప్పుడు వీధికి పదిమంది దొరుకుతారు. టీ తాగుతూ, చేతులు తిప్పుతూ, తామే దగ్గరుండి ఓడించినట్టు చెబుతారు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటిదాకా మాత్రం ఒక్కడి నోటా ఆ మాట రాలేదు. నిజంగా ముందు తెలిసింది ఒక్క మనిషికే. ఆవిడ ఛాంపియన్‌కి సొంత అక్క. ఆవిడ ఈ సంగతి ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు.

తమ్ముడి చేతులకి కట్లు కట్టడం ఆవిడ పని. గ్లోవ్స్ తొడిగే ముందు వేళ్ళ సందుల్లోంచి గాజుగుడ్డ తిప్పి, మణికట్టు దాకా బిగించి, పైన టేపు వెయ్యాలి. వాడి పన్నెండో ఏట, తల్లి పోయిన ఏడాది, మొదలుపెట్టిన పని అది. వాడికి తినిపించిందీ, అల్లరి చేస్తే వీపు వాయించిందీ ఆవిడే. హెవీవెయిట్ ఛాంపియన్ అయినా, నూటపది కిలోలున్నా, ఆవిడకి వాడు బండోడే. వాడికి ఆట నేర్పింది ఆవిడ భర్త, అంటే వాడి బావ.

ఎదుటివాడు నిన్నమొన్నటిదాకా లారీ తోలినవాడు. ఆడాల్సినవాడికి గాయమైతే ఆఖరి నిమిషంలో దొరికాడు. "మూడు రౌండ్లు నిలబడితే నేనే లేచి చప్పట్లు కొడతా," అని నవ్వి, బావ రిఫరీతో మాట్లాడటానికి పైకి వెళ్ళాడు.

గ్యాలరీ కింద గది అది. కిటికీ లేదు. ట్యూబులైటు ఒక చివర నల్లబడి సన్నగా రొద పెడుతోంది. నొప్పుల మందు వాసన, పాత చెమట వాసన. పైన జనం నడుస్తుంటే కప్పు నుంచి సున్నం రాలుతోంది. తమ్ముడు చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

కట్లు కట్టేటప్పుడు అవతలి పక్షం మనిషి ఒకరు పక్కన కూర్చుని చూడాలి. లోపల ఏమీ దాచలేదని నమ్మకం కుదిరాక టేపు మీద సంతకం పెట్టాలి. అది రూలు. అందుకే తలుపు తోసుకుని ఎవరో ముసలాయన వచ్చి కుర్చీలో కూర్చుంటే ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు.

కుడిచెయ్యి అయ్యేసరికి గది చల్లబడింది. తడిసిన గోనెసంచీ వాసన. ఎడమచెయ్యి చుడుతూ ఓసారి చూసింది. మళ్ళీ చూసింది. ఆయన రెప్ప వెయ్యడం లేదు.

"బాగా కట్టావమ్మా," అన్నాడు గుసగుసగా. "ఏడో రౌండు దాకా ఢోకా లేదు."

"ఏమన్నారు?"

"ఏడో రౌండులో... ఎడమచేత్తో ఒక్క దెబ్బ. పదీ లెక్కపెడతారు. లేవడు." కాస్త ఆగాడు. "ఇంకెప్పుడూ లేవడు."

ఆవిడకి ఒళ్ళు మండింది. "బెదిరించి రమ్మని పంపారా మిమ్మల్ని? నడవండి బయటికి!"

ఆయన నెమ్మదిగా వంగి, టేపు మీద పెన్నుతో ఏదో గీసి వెళ్ళిపోయాడు. అది సంతకం కాదు. ఏడు అంకె.

రెండు నిమిషాలకి ఒక లావుపాటి మనిషి రొప్పుతూ వచ్చాడు. "ఏమనుకోకండమ్మా, ఆ మెట్లు నా ప్రాణం తీశాయి. అప్పుడే కట్టేశారా? నేను చూడాలి కదా!"

"ఇందాక మీ పెద్దాయన చూసి వెళ్ళారుగా."

"పెద్దాయనా? మేం వచ్చిందే ముగ్గురం. మాలో ముసలాళ్ళెవరూ లేరే!"

ఆవిడ కట్లు కత్తిరించి మళ్ళీ మొదటినుంచీ కట్టింది. "మళ్ళీ ఎందుకక్కా?" అని తమ్ముడు కళ్ళు తెరిస్తే "వదులైందిరా" అంది. బరిలోకి దిగేవాడి చెవిన వెయ్యాల్సిన మాట కాదది. భర్తకి మాత్రం చెప్పింది. "ఎవడో నిన్ను ఆటపట్టించాడు. నువ్వు నమ్మేశావు," అని ఆయన కొట్టిపారేశాడు.

ఐదు రౌండ్లూ బండోడివే. లారీవాడి మొహం వాచిపోయింది. జనం ఈలలు. ఆవిడ మనసు కాస్త కుదుటపడింది. ఆరో రౌండు సగంలో మళ్ళీ తడి గోనె వాసన వచ్చింది... ఎదురు మూలలో, లారీవాడి స్టూలు పక్కన, ముసలాయన. పోటీ చూడటం లేదు. ఆవిడనే చూస్తున్నాడు. చేతి వేళ్ళు ఒక్కొక్కటిగా ముడుస్తున్నాడు.

గంట మోగింది. తమ్ముడు వచ్చి కూర్చుని నవ్వాడు. "బావా, వచ్చే రౌండులో పడుకోబెట్టేస్తా." అవతల లారీవాడు తన ఎడమచేతిని చూసుకుంటున్నాడు, అదెవరిదో అన్నట్టు.

ఆవిడ తువ్వాలు తీసి బరిలోకి విసిరేసింది.

గెలుస్తున్నవాడి తరఫున ఓటమి ఒప్పుకుంటే ఏమవుతుంది? సీసాలు గాల్లోకి లేచాయి.

కింద గదిలో తమ్ముడు వెక్కివెక్కి ఏడ్చాడు. "వాడు కాదు, నువ్వు ఓడించావక్కా నన్ను." ఆవిడ వాడి కట్లు విప్పుతోంది. తిడితే తిట్టనీ, ఊపిరి పీలుస్తున్నాడు, అంతే చాలు. భర్త పైన అధికారులతో గొడవ పడుతున్నాడు.

అప్పుడు గంట మోగింది.

పైన కాదు. గదిలోనే.

తమ్ముడు ఏడుపు ఆపేశాడు. లేచి నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆవిడని చూడటం లేదు. తల పక్కకి తప్పించాడు... ఇంకోసారి... వెనక్కి, గోడ దాకా...

"బండోడా... ఒరేయ్... నన్ను చూడరా..."

వాడి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఎటువైపు నుంచి వస్తుందో ఆవిడకి తెలుసు. వాడి కుడిచెంపకి తన మొహం ఆనించి కప్పేసింది.

గాలి కదిలింది.

నేల చల్లగా తగిలింది. దవడ ఉందో లేదో తెలియడం లేదు. చెవి పక్కనే, గుసగుసగా... ఒకటి... రెండు... లేవబోయింది. ఒళ్ళు కదల్లేదు. ఆరు... ఏడు... ఎనిమిది...

తలుపు తీసుకుని భర్త వచ్చాడు. లెక్క ఆగిపోయింది.

ఓడిన కోపంలో ఛాంపియన్ అక్క దవడ పగలగొట్టాడని పేపర్లన్నీ రాశాయి. భర్త కూడా అదే నమ్మాడు. మర్నాడు మధ్యాహ్నం, ఆసుపత్రి గదినిండా ఎండ. తమ్ముడు మంచం పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

"నాకేం గుర్తులేదక్కా. నేనే కొట్టానా?"

ఆవిడ కాగితం తీసుకుని రాసింది. కాదు.

"మరి ఎవరు?"

పెన్సిలు పక్కన పెట్టింది. వాడి చెయ్యి తీసుకుని తన గుండెల మీద పెట్టుకుంది. వాడు బతికున్నాడు. ఆవిడకి ఏడుపు వచ్చేంత సంతోషంగా ఉంది.

వాడు ఉన్నట్టుండి తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏంటక్కా... తొమ్మిది అంటున్నావు?"

ఆవిడ పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి డాక్టర్లు తీగతో కట్టేశారు. పెదాలు కూడా కదల్లేదు.