మూడో పిలుపు

నారాయణగూడల ఆ కాలేజీ వెనక బ్లాకు దిక్కు పొద్దుగూకినంక వాచ్‌మెన్ కూడ పోడు. అక్కడి ల్యాబుల సామాన్లను వేడిల పెట్టి పరీక్ష చేసే ఒక వేడిగది ఉన్నది. ఇనుప గోడలు, మందపు తలుపు. ఎన్నడో రీసెర్చ్ చేసే ఆడపిల్ల అండ్లనే ఉరేసుకున్నదట. అప్పటిసంది లోపల్నుంచి పేరు పెట్టి పిలుస్తదంటరు...

ఫణికిరణ్ పగలైతే ఈ మాటకు నవ్వేటోడు. అశోక్‌నగర్‌ల కిరాయి రూము, ఏండ్ల సంది నడుస్తున్న పీహెచ్‌డీ. గైడ్ కిషన్ రావు సారు తేల్చి చెప్పిండు: "రేపు పొద్దుగాలకల్ల రీడింగులు లేకుంటే నీ సీటు క్యాన్సల్."

గది వేడి తెల్లారేదాక ఒక్కతీరుగ నిలవాలె. నడుమ తలుపు తెరిచినవా, అంతా మొదటికే!

"లోపల వైర్లు కట్టి అట్లనే హాస్టల్‌కు పోతనన్నా," అన్నది జూనియర్ అనూహ్య. ఫణి చిక్కడపల్లిల చాయ్ తాగొచ్చేసరికి తలుపు ఓరగా ఉన్నది. లోపలికి తొంగిచూడ ధైర్యం చాలలే. పిల్ల పోయే ఉంటదిలే అని గడియ పెట్టి హీటర్లు వేసిండు.

జరసేపైనంక... టక్. టక్.

"ఫణన్నా..."

సన్నగ, పరుపుల కింద్నుంచి వచ్చినట్టు. ఫణి గబుక్కున జేబుల చెయ్యి పెట్టిండు. అనూహ్యకు ఫోన్ కొట్టిండు — కలువలే.

నాయనమ్మ మాట యాదికొచ్చింది. "రాత్రి ఎవరు పిలిచినా పలుకకు బిడ్డా. దెయ్యం రెండుసార్లే పిలుస్తది. మనిషైతే మూడోసారి పిలుస్తడు."

చదివింది ఇంజినీరింగే, ఏం లాభం! చెయ్యి గడియ దాక పోయింది. స్క్రీన్ మీద వేడి చూపే గీత అప్పుడప్పుడే నిలుస్తున్నది. ఇంకోసారి పిలిస్తే చూద్దాంలే అనుకున్నడు.

"అన్నా... తలుపు..."

రెండు. ఫణి మూడోదాని కోసం చెవి పెట్టి కూసున్నడు.

మూడోది రాలే.

"హమ్మయ్య," అన్నడు. గీత తెల్లారేదాక కదలలే.

పొద్దుగాల తలుపు గుంజంగనే అనూహ్య ఊపిరి లేకుండ ఫణి కాళ్ల మీద పడ్డది. చెవులల్ల ఇయర్‌ఫోన్లు అట్లనే ఉన్నయి. పాటలు వింట వైర్లు కడుతున్న పిల్లకు తలుపు పడ్డది తెల్వలే. ఇనుప గోడల నడుమ సిగ్నల్ ఏడుంటది? అయ్యో, దెయ్యమే అయితే ఎంత బాగుండు!

కిషన్ రావు సారు ఉరికొచ్చిండు. పిల్లను చూసిండు, చెమటలు తుడుసుకున్నడు. ఫణిని పక్కకు గుంజి చెవుల అడిగిండు —

"రీడింగులు... సేవ్ చేసినవా?"

ఫణి ఏడుస్తనే ఉన్నడు. ఏడ్సుకుంటనే అన్నడు:

"చేసిన సార్."