ఫ్రీ సీటు

దర్జీ గుమ్మం ముందు ఇద్దరూ ఒకేసారి చెప్పులు విప్పారు. ఆమె ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. అతను మెయిన్ రోడ్డు మీద కొత్తగా వెలిసిన ప్రైవేటు స్కూలుకి అడ్మిషన్ల ఆఫీసరు. ఇద్దరూ వచ్చింది ఎనిమిది పాసైన దర్జీ కూతురి కోసమే.

"మీ స్కూల్లో పిల్లల కన్నా బెంచీలే ఎక్కువట కదా, టీచర్ గారూ?"

"మీ స్కూల్లో బుర్రల కన్నా టైలు ఎక్కువని విన్నాను."

మెడలో టేపు సవరించుకుంటూ దర్జీ పకపకా నవ్వాడు. "మా పిల్ల టీచరమ్మ దగ్గరే ఉంటుంది బాబూ."

బయట వాన దంచికొడుతోంది. అతను గొడుగు విప్పి, మొత్తం ఆమె మీదికే వంచాడు.

"తడిసిపోతున్నారు!"

"ఓడినవాడు ఆ మాత్రం తడవాలి లెండి."

ఆమెకి నవ్వాగలేదు.

ఆ తర్వాత బస్టాపు పక్క టీ కొట్టు దగ్గర కలవడం అలవాటైంది. "ఇవాళ మీ పిల్లలేం చేశారు?" అని అడిగేవాడు. ఆ మాట ఆమెను ఇంకెవరూ అడిగేవారు కాదు. ఇంట్లో అమ్మకు పెళ్లి సంబంధాల గోల, స్టాఫ్ రూములో బదిలీల గోల. అందుకే అతనికి అన్నీ చెప్పేది. ఎవరికి లెక్కలంటే ప్రాణమో, ఎవరికి ఇంగ్లీషంటే గుండె దడో, ఎవరి నాన్న మెత్తగా మాట్లాడితే కరిగిపోతాడో. అతను టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వినేవాడు. ఆ వినడానికే ఆమె మనసు పారేసుకుంది.

ఆ ఏడు పదో తరగతి అందరూ పాసయ్యారు. "ఇక పిల్లలు తగ్గకుండా ఉంటే చాలు, మన బడిని ఎవరూ మూయలేరు" అన్నారు హెడ్మాస్టరు.

బడి తెరిచిన రోజు పదో తరగతిలో ముందు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె పరుగున దర్జీ ఇంటికి వెళ్లింది.

"ఫ్రీ సీటిచ్చారమ్మా" అన్నాడు దర్జీ, తల ఎత్తకుండా. "ఆ బాబే వచ్చాడు. ఇంగ్లీషుకి వేరే టీచర్ని పెడతామన్నాడు. మా పిల్ల సంగతులన్నీ మీరే చెప్పారట కదా?"

సాయంత్రం అతను టీ కొట్టు దగ్గరే ఉన్నాడు.

"వాళ్లకి మంచే జరిగింది కదండీ?"

"మిగిలినవాళ్లకి? బాగా చదివేవాళ్లే వెళ్లిపోయారని వాళ్ల వెనకే సగం బడి టీసీలు తీసుకుంటోంది. ఇక మమ్మల్ని పక్క ఊరి స్కూల్లో కలిపేస్తారు. అంత దూరం ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు?"

అతను తల దించుకున్నాడు. "మొదట్లో ఉద్యోగం కోసమే అడిగాను. తర్వాత మీ కోసమే అడిగాను. మీరంటే నాకిష్టం. ఈ ఉద్యోగం రేపే మానేస్తాను."

ఇన్నాళ్లూ ఆమె ఎదురుచూసిన మాటే అది. చెంపదెబ్బలా తగిలింది.

"మానేసి రండి. అప్పుడు మాట్లాడుకుందాం."

అతను రాలేదు. బడి మూతపడింది, ఆమెను పక్క ఊరి స్కూలుకి మార్చారు. ఆమె దగ్గర చదివిన ఆడపిల్లల్లో చాలామంది అక్కడికి రాలేదు. అయినా ఫోను మోగితే ఆమె ఉలిక్కిపడేది. ఒకరోజు విసుగొచ్చి అతని నంబరు తీసేసింది.

మళ్లీ ఫలితాల రోజులొచ్చాయి. బస్టాపు ఎదురుగా పెద్ద హోర్డింగు లేచింది. దాని మీద మెడలో టైతో దర్జీ కూతురు నవ్వుతోంది. ఫస్ట్ ర్యాంకు! ఆమె కళ్లు చెమర్చాయి. 'నా బంగారు తల్లీ' అనుకుంది.

చూపు కిందికి దిగింది. 'అడ్మిషన్లకు సంప్రదించండి' అని రాసి, పక్కనే ఒక నంబరు. మొదటి రెండంకెలే చదివింది. మిగతావి చూడకుండానే నోటికి వచ్చేశాయి.