పడమటి గది తలుపుకి ఏ రంగు

కొత్తపేట దాటాక కాలవ గట్టు మీద ఒక పాత మండువా ఇల్లుంది. రావులపాలెంలో అరటి వ్యాపారం చేసే కనకమహాలక్ష్మి గారు పోయినేడు దాన్ని కొన్నారు. ఆ ఇంటితో ఆవిడకి పాత చుట్టరికమేం లేదు. బాగుచేయించి, కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లకి గదులు అద్దెకివ్వాలని ఆవిడ ఆలోచన. చెక్కపని దానం అన్నయ్యకీ, రంగులపని నాకూ అప్పజెప్పేరు.

నా పేరు శివనాగరాజు. దానం అన్నయ్యా నేనూ ఇరవై ఏళ్లుగా కలిసే పనిచేస్తున్నాం. పుచ్చిన చెక్క తీసి అతుకు వేసేది అతను. ఆ అతుకు కనబడకుండా రంగు వేసేది నేను. మా ఇద్దరి మధ్య ఏనాడూ మాట తేడా రాలేదు, ఆ ఇంటికి వెళ్లేదాకా.

ఇల్లంతా టేకు. పది రోజులు కూర్చుని పాత రంగులు గోకేం. ఒక్కో తలుపు మీద నాలుగైదు పొరలు, తలో రంగు. ఏ కాలంలో ఎవరికి ఏది ఇష్టమైతే అది వేయించుకున్నారు. పడమటి గది తలుపు మాత్రం అలా లేదు. ఎంత లోతుకి వెళ్లినా ఆకుపచ్చే. ఏడు పొరలూ ఒకే ఆకుపచ్చ.

"దీనికి ఇంకో రంగు పడనిచ్చినట్టు లేదు తమ్ముడూ," అన్నాడు దానం అన్నయ్య. "మనమూ అదే వేసేద్దాం. గొడవుండదు."

గొడవేంటో అతను చెప్పలేదు. నేను అడగలేదు.

కనకమహాలక్ష్మి గారికి నీలం మీద మనసు. అయినా ఎందుకైనా మంచిదని, ఆ తలుపు మీద మూడు రంగులు అరచెయ్యంత వేసి చూపించమన్నారు. మీగడ రంగు, నీలం, ఆకుపచ్చ పక్కపక్కనే వేసి, ఇంటికి తాళం పెట్టి వెళ్లిపోయేం.

మర్నాడు పొద్దున్న చూస్తే మీగడ రంగూ లేదు, నీలమూ లేదు. చెక్క తేలేలా గోకేసి ఉన్నాయి. ఆకుపచ్చ మీద చిన్న గీత కూడా పడలేదు.

ఇంటి తాళంచెవులు రెండే, రెండూ ఆవిడ మాకే ఇచ్చేరు. ఒకటి నా దగ్గర, ఒకటి దానం అన్నయ్య దగ్గర.

"నువ్వు గాని గోకేవా అన్నయ్యా?"

"నాకేం పని?" అన్నాడు. నా మొహం మాత్రం చూడలేదు.

ఆ సాయంత్రం మళ్లీ వేశాను. ఈసారి రెండు తాళంచెవులూ నేనే పట్టుకెళ్లాను. ఎందుకని అతను అడగలేదు. అడగకపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

తెల్లారి మళ్లీ అంతే. దానం అన్నయ్య సంచిలోంచి చిత్రిక తీస్తుంటే అతని చేతులు చూశాను. గోళ్ల సందుల్లో నీలం రంగు!

"తాళం ఎలా తీశావో గాని, ఇంక దాస్తావెందుకు? నా పని చెడగొట్టి నీకేం వస్తుంది?" అని అరిచాను.

అతను గోళ్ల వంక చాలాసేపు చూసుకున్నాడు. పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

పంతం పట్టి ఆ రోజే తలుపు బయటి వైపంతా నీలం కొట్టేశాను. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. లోపలి వైపు కూడా వేద్దామని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. కిటికీలోంచి వచ్చే బూడిద వెలుతురే. టర్పెంటైన్ వాసన. దాని కింద ఇంకో వాసన... కాలవలో నానిన కొబ్బరి పీచుది. మండువాలో వాన నీళ్లు పడుతున్న చప్పుడు.

ఆ చప్పుడులో ఇంకొకటి కలిసింది.

గర్... గర్...

తలుపుకి అవతలి వైపు. ఎవరో తీరుబడిగా గోకుతున్నారు. నా కుంచె కింద చెక్క సన్నగా అదురుతోంది.

దొరికేడనుకున్నాను.

"అన్నయ్యా... నువ్వేనా?"

గోకుడు ఆగింది.

"ఆయ్," అంది గొంతు, మెల్లగా.

అతని గొంతే. కానీ అది నా మొహం ఎత్తున లేదు. కింద, గడప దగ్గర్నించి వచ్చింది.

ఫోన్ తీసి అతని నంబరు నొక్కేను. తలుపవతల ఏ ఫోనూ మోగలేదు.

"ఏం తమ్ముడూ," అన్నాడు దానం అన్నయ్య ఫోన్లో. వెనకాల వాళ్ల మేక అరుస్తోంది. "ఇంటి దగ్గరే ఉన్నాను. చెప్పు."

గర్... గర్... మళ్లీ మొదలైంది.

ఎలా బయటపడ్డానో సరిగ్గా గుర్తులేదు. కళ్లు మూసుకుని తలుపు లాగాను. మండువాలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి తలుపు చూడలేదు. ఇంటికి తాళం కూడా వేయకుండా బండెక్కేశాను.

తిన్నగా అతని ఇంటికే వెళ్లాను. అరుగు మీద కూలబడి జరిగింది చెప్పి, "తప్పయిపోయింది అన్నయ్యా," అన్నాను. అతను నా భుజం మీద చెయ్యేశాడు.

"నా గోళ్లలోకి ఆ రంగు ఎలా వచ్చిందో నాకూ తెలీదు," అన్నాడు. "రాత్రి ఇక్కడే పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి ఉంది. అందుకే నీతో వాదించలేకపోయాను."

ఇంకెప్పుడూ ఆ ఇంటికి వెళ్లొద్దనుకున్నాం. టీ తాగేం. వాన తెరిపిచ్చింది. దీపాలు పెట్టే వేళకి నా ఫోన్ మోగింది. కనకమహాలక్ష్మి గారు. ఆ ఇంటికి వెళ్లొద్దని ఆవిడకి ముందే చెప్పాల్సిందని అప్పుడు తట్టింది. స్పీకర్లో పెట్టేను.

"నాగరాజు గారూ, పని చూద్దామని వచ్చేనండీ. మీరేంటండీ, పడమటి గదిలో ఉండి ఫోనెత్తుతున్నారు? తలుపు తీయండి."

"నేను... నేను అక్కడ లేనండీ. మీరు బయటికొచ్చేయండి," అన్నాను.

ఆవిడ నవ్వేరు. "భలేవారండీ. ఇప్పుడే కదా పలికేరు."

చెక్క మీద ఆవిడ చేత్తో తట్టిన చప్పుడు వినబడింది. తర్వాత లోపల్నించి జవాబు.

"ఆయ్... ఇంకా తడారలేదండీ. కాస్త ఆగండి."

నా గొంతు.

దానం అన్నయ్య ఫోన్ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నా భుజం మీద చెయ్యి నెమ్మదిగా తీసేసి, అరుగు మీద దూరంగా జరిగి కూర్చున్నాడు.