కమిలిన చెయ్యి

అంబాజీపేటలో కొబ్బరి గోడౌను తగలబడింది. సమయం సాయంత్రం 7.50. మంటలు ఆరాక లోపల వాచ్‌మన్ బంగారయ్య శవం దొరికింది. పొగకి ఊపిరాడక పోయాడు పాపం.

గంటలో కూలి మాణిక్యం అరెస్టయ్యాడు. ఆ సాయంత్రమే యజమాని సాయిదుర్గాప్రసాద్ అతన్ని పనిలోంచి గెంటేశాడు. పైగా కుడిచెయ్యి మోచేతి దాకా కాలి ఉంది. ఇంకేం కావాలి? యావజ్జీవం పడింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. మొన్న జూలైలో మాణిక్యం భార్య పుష్పలత, రిటైర్డ్ సీఐ వరప్రసాదం గుమ్మం తొక్కింది.

"జైల్లో ఆయనకి కిడ్నీలు రెండూ పోయేయండి. నెలా రెండు నెలలంటున్నారు. ప్రాణం ఉండగా ఇంటికి తెచ్చిపెట్టండి బాబూ."

"చెయ్యి ఎలా కాలిందమ్మా?"

"కొబ్బరి బస్తాలో పెట్టి చూసేరండి."

"నిప్పు లేని బస్తాలోనా?"

"ఆయ్. కోర్టులో అదే చెప్తే సర్కారు వకీలు, ఆ పీపీ గారు పకపకా నవ్వేరండి."

వరప్రసాదానికి నవ్వు రాలేదు. ఆయన కొబ్బరి కొట్ల మధ్య పుట్టి పెరిగినవాడు. వానాకాలంలో సరిగా ఎండని కొబ్బరిని బస్తాలకెత్తి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే లోలోపలే కాగుతుంది. అందుకే ముదురు కూలీలు బస్తాలో చెయ్యి దూర్చి చూస్తారు. వేడి తగిలితే విప్పి ఆరబోస్తారు. ఆరబోయకపోతే దానంతటదే అంటుకుంటుంది.

సమాచార హక్కు కింద స్టేషన్లో పాత ఫైలు తీయించాడు. మూడు వారాలు పట్టింది. నూట పన్నెండో పేజీ చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మర్నాడు ఉదయం 11 గంటలకి మళ్లీ కట్టిన గోడౌనుకి వెళ్లాడు. సాయిదుర్గాప్రసాద్ ఉన్నాడు. పక్కనే అప్పటి పీపీ రాజేంద్రప్రసాద్. ఇప్పుడు ఈ కంపెనీకి లీగల్ అడ్వైజరట. భలే!

"మాణిక్యాన్ని ఎన్నింటికి పంపేశారండీ?"

"అయిదింటికి. గొడవ చేశాడండి."

"ఏమని? బస్తాలు విప్పమనా?"

యజమాని బల్లమీది రసీదు పుస్తకం తిరగేయసాగాడు.

"లారీ ఎప్పుడు రావాలి?"

"మర్నాడు పొద్దున్న ఆరింటికండి."

"విప్పితే లోడు ఆగిపోతుంది. అంతేనా?"

సాయిదుర్గాప్రసాద్ పీపీ వైపు చూశాడు. వరప్రసాదం జిరాక్సు కాపీ బల్లమీద పెట్టాడు.

"సర్కారు ఆసుపత్రి చీటీ. మాణిక్యం చేతికి కట్టు కట్టింది సాయంత్రం 5.40కి. మంట లేచింది 7.50కి. రెండు గంటల ముందే కాలిన చెయ్యి, నిప్పు పెడుతూ కాలిందని ఎలా వాదించారు సార్? ఈ మూల పెన్సిల్‌తో 'దాఖలు చేయొద్దు' అని ఉంది. ఎవరి రాత?"

రాజేంద్రప్రసాద్ కళ్లజోడు పెట్టుకుని తాపీగా చదివాడు.

"నాదే. కేసు నిలబడాలంటే కొన్ని పక్కన పెట్టాలండీ. మీకు తెలీనిదా? కోర్టులో వేసుకోండి. బొండం తాగుతారా?"

వరప్రసాదం ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడ చేయగలిగింది మాత్రం ఏమీ లేదు.

కేసు తిరగదోడమని పుష్పలత చేత పిటిషన్ వేయించాడు. వాయిదా డిసెంబరు 11కి పడింది. అప్పటికింకా ఆగస్టు. అనారోగ్యం కింద బెయిలు అడిగితే జైలు రిపోర్టు రావాలన్నారు. రిపోర్టు మీద సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నారు.

జైలు ఆసుపత్రిలో మాణిక్యం మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. పుష్పలత కాళ్ల దగ్గర కూర్చుంది.

"నువ్వు చెయ్యలేదని కాగితం దొరికిందయ్యా" అన్నాడు వరప్రసాదం.

"నాకు తెలుసు కదండీ." నీరసంగా నవ్వాడు. "వాయిదా ఎప్పుడండీ?"

"డిసెంబరు పదకొండు."

పుష్పలత ముఖం తిప్పుకుంది. మాణిక్యం కాసేపు తన కుడిచేతినే చూసుకున్నాడు.

"ఒకటి అడగనాండీ? బస్తాలు కాగిపోతున్నాయని ఆ రోజు ఒక్కసారే చెప్పేనండి. ఆయన తిట్టేసరికి రోషమొచ్చి, కట్టు కట్టించుకుని ఇంటికెళ్లి పడుకున్నాను. వెనక్కెళ్లి బంగారయ్య బాబాయికైనా చెప్పుంటే బతికేవోడు కదండీ? తొమ్మిదేళ్ల నుంచి ఇదే ఆలోచనండి."

బతికేవాడే. ఆ మాట వరప్రసాదం నోటిదాకా వచ్చింది.

"పడుకోవయ్యా" అన్నాడు.