మేస్త్రి సాక్ష్యం

ఆసుపత్రి మందుల గదిలో నీ పనేమిటని ఎవరైనా అడిగితే, "అబద్ధాలు తయారుచేస్తాను" అనేది చెల్లెలు నవ్వుతూ. మాట తమాషాదే గాని, అందులో అబద్ధం లేదు. కొత్త మందును పరీక్షించేటప్పుడు కొందరు రోగులకు అసలు మందూ, మిగతావాళ్ళకి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్రా ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికి తెలియదు. ఆ పిండి మాత్రలు నింపేది ఆమే. క్యాప్సూలు డొల్లలో పిండి కూరి, మూత పెట్టి, కుడి బొటనవేలితో నొక్కుతుంది. ఎప్పుడో గాజుసీసా పగిలి ఆ వేలు తెగింది. ఏటవాలు గీత ఇప్పటికీ మానని గాయంలా కనిపిస్తుంది.

పిండి మింగినవాళ్ళలో కూడా ముగ్గురికి ఒకరు చొప్పున నొప్పి తగ్గిందనేవారు. ఎన్నిసార్లు లెక్కవేసినా ఇంచుమించు అంతే. ఆ లెక్క మీద ఆమెకి ఎంత గురి కుదిరిందంటే, చివరికి దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

ఇంట్లో ఉండేది అక్కా తనూ ఇద్దరే. అక్క చర్చిలో హార్మోనియం వాయించేది. బావ పోయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున లేచేసరికి అక్క కుడి చెయ్యి చచ్చుబడింది. నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చేతిలో ఏ లోపమూ లేదనీ, ఆ చెయ్యి తనదని మెదడు నమ్మడం మానేసిందనీ చెప్పాడు. అలాగే వదిలేస్తే కండ కరిగి నిజంగానే పనికిరాకుండా పోతుందన్నాడు. పాస్టరు గారు నూనె రాసి ప్రార్థన చేశారు. వేలైనా కదల్లేదు. అక్క మెల్లగా అన్నం తగ్గించింది, తర్వాత మాట తగ్గించింది. చెయ్యి రాకపోతే మనిషి కూడా దక్కదని చెల్లెలికి అర్థమైంది.

అప్పుడు తెచ్చింది పిండి మాత్రలు.

అక్క ఊరికే మింగే రకం కాదు. "ఏం మందే ఇది? నీ మొహం చూస్తే పాలు తాగొచ్చిన పిల్లిలా ఉంది" అంది. అక్కకి మందుల మీద కన్నా సాక్ష్యాల మీద గురి. మేలు పొందిన మనిషి చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి చెబితే చాలు, ఇక తిరుగులేదు. అందుకని చెల్లెలు అక్కడికక్కడే ఒక సాక్షిని పుట్టించింది. ఒక తాపీ మేస్త్రి. పొడుగ్గా, కాస్త వంగి నడుస్తాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ సున్నం. పని చేస్తూ గొంతులోనే ఏదో రాగం తీస్తుంటాడు. ఈ మందుతోనే అతని కుడి చెయ్యి లేచింది. చెబుతుంటే మనిషి కళ్ళకి కట్టాడు. ఆ చేతికి బొటనవేలు లేదని కూడా తోచింది. అది చెబితే అక్క బెదురుతుందని మింగేసింది.

వారం తిరక్కుండా అక్క చిటికెనవేలు కదిలింది. ఆ ఆదివారం చర్చిలో లేచి మేస్త్రి సంగతంతా సాక్ష్యంగా చెప్పింది. చర్చి చర్చంతా కళ్ళు మూసుకుని ఆ మేస్త్రి కోసం ప్రార్థన చేసింది. చెల్లెలు ఒక్కతే కళ్ళు తెరుచుకుని, చెప్పులకేసి చూస్తూ కూర్చుంది.

తర్వాత కొద్ది రోజులకి, కుడిచేత్తో గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగుతూ అక్క మామూలుగా అంది.

"మధ్యాహ్నం నీ మేస్త్రి వచ్చాడే. లోపలికి రమ్మంటే రాలేదు. పిలిచినావిడ లేకుండా బాగుండదన్నాడు."

చెల్లెలికి మొదట కోపం వచ్చింది. సాక్ష్యం విన్నవాడెవడో, ఒంటరి ఆడవాళ్ళని పసిగట్టి వేషం కట్టాడనుకుంది. పక్కింటివాళ్ళని అడిగింది. ఎవరూ రావడం చూడలేదన్నారు. తలుపుకి కొత్త తాళం వేయించింది. అప్పటికీ అనుమానం తీరక, అక్కకి ధైర్యం చెప్పమని మీరే ఎవరినైనా పంపారా అని పాస్టరు గారినే నిలదీసింది. ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశారు. ఆ చూపుకి తట్టుకోలేక ఉన్నదంతా చెప్పేసింది.

"నమ్మకానికే బలముందని మీ డాక్టర్లంటారు" అన్నారాయన నెమ్మదిగా. "కాదనను. కానీ తాడెంత గట్టిదైనా, అవతలి కొస దేనికి కట్టామన్నది చూసుకోవాలి కదమ్మా."

"దేనికీ కట్టకుండా వదిలేస్తే?"

"ఎవరో ఒకరు పట్టుకుంటారు."

నిజం చెప్పెయ్యమన్నారు పాస్టరు గారు. చెబితే చెయ్యి మళ్ళీ పడిపోవచ్చు, ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దన్నాడు సంగతంతా విన్న నరాల డాక్టరు. చెల్లెలు ముందు నుయ్యి, వెనక గొయ్యి మధ్య నిలబడింది.

ఆ రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మి, మూడింటికే దీపాలు పెట్టాల్సినంత చీకటి పడింది. వాన మొదలవగానే కరెంటు పోయింది. చెల్లెలు పెందలాడే ఇంటికి వచ్చి, తన తాళంచెవితో తలుపు తీసి గుమ్మంలో గొడుగు దులుపుతోంది. లోపల్నుంచి హార్మోనియం వినిపించింది. ఒక్క క్షణం సంతోషమే కలిగింది. అక్క వాయిస్తోంది. ఎన్నాళ్ళకి...

కాస్త ఆగి విన్నది. కింది స్వరాలూ పై స్వరాలూ కలిసి పలుకుతున్నాయి. రెండు చేతుల వాయింపు అది.

హార్మోనియానికి ఒక చెయ్యి మీటల మీద ఉంటే, రెండో చెయ్యి వెనక తిత్తి ఊపాలి. లేకపోతే గాలి ఆడదు.

నడవాలో వాసన తగిలింది. తడిసిన సున్నం వాసన. ఆ పాట అడుగున, గొంతులోనే ఎవరో తీస్తున్న సన్నటి రాగం...

గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అక్క ఇటు తిరిగి కూర్చుని ఉంది. రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి. హార్మోనియం వెనక ఎవరూ లేరు. తిత్తి మాత్రం తెరుచుకుంటోంది... మూసుకుంటోంది... తెరుచుకుంటోంది.

"అక్కా" అంది. "మేస్త్రి లేడు. నేనే కల్పించాను. ఆ మాత్రల్లో ఉన్నది పిండి."

తిత్తి ఆగింది. పాట సగంలో తెగింది. అక్క తలెత్తి, పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు గుసగుసగా అంది.

"నాకు తెలుసే. తనే చెప్పాడు. ఇంతమంది నమ్మారు, కన్నతల్లి నమ్మట్లేదని బాధపడుతున్నాడు."

"ఏం... ఏం కావాలట?"

"నువ్వు తనకి ఏదో తక్కువ చేశావట. అది ఇచ్చేస్తే వెళ్ళిపోతాడట." అక్క వాన చప్పుడు వింటున్నట్టు తల వంచింది. "ఏం తక్కువ చేశావే?"

చెల్లెలు హార్మోనియం మీదికి వంగి చూసింది. తిత్తి చెక్క మీద తెల్లటి వేళ్ళ గుర్తులు నాలుగున్నాయి. తడి సున్నం. బొటనవేలు ఆనాల్సిన చోట చెక్క శుభ్రంగా ఉంది.

కరెంటు వచ్చాక ఆ గుర్తులని తడిగుడ్డతో తనే తుడిచింది. అక్క చెయ్యి పడిపోలేదు. ఆ రాత్రి ఆకలేస్తోందని మారు వడ్డించుకుని తింది.

మర్నాడు మందుల గదిలో చెల్లెలు క్యాప్సూలు మూత నొక్కితే బొటనవేలికి స్పర్శ తెలియలేదు. ఇంకోటి తీసి నొక్కింది. సూదితో గుచ్చింది. చుక్క రక్తం వచ్చింది గాని, వేలు తనది కానట్టే ఉంది. భయపడకు, అని తనకి తాను చెప్పుకుంది. నమ్మకం నొప్పి తగ్గించగలిగితే భయం స్పర్శ తియ్యగలదు. రెండూ ఒకే లెక్క. కాకపోతే ఆ లెక్కకి మనిషి లోపల ఎక్కడో నమ్మి ఉండాలి.

తను నమ్మలేదు కదా. నమ్మలేదు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. తలుపుకి తాళం ఉంది. అక్క పాటల అభ్యాసానికి చర్చికి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు, చప్పుడూ లేదు. హార్మోనియం తిత్తి మాత్రం, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు, మెల్లగా మూసుకుంటోంది.

నిన్న తుడిచిన చోటే నాలుగు గుర్తులు మళ్ళీ ఉన్నాయి. వాటి కింద ఐదోది ఉంది, ఇంకా తడి ఆరకుండా. మిగతావాటి కంటే చిన్నది, ఆడమనిషి బొటనవేలంత. సున్నం మధ్యలో, ఏటవాలుగా ఒక సన్నటి గీత.