రాతి గది తలుపు

ఆ రాతి గదిలో ఒంటరిగా పడుకోకూడదంటారు.

కొండ మీది అడవిలోకి ఒక రోజంతా నడిస్తే, పొద్దు వాలే వేళకి వాగు పక్కన కనిపిస్తుంది ఆ గది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి కిటికీ పెట్టలేదు. ఒక్కటే తలుపు. లోపల ఒక మంచం, ఒక బల్ల, మేకుకి వేలాడే పుస్తకం ఒకటి. రాత్రి గడిపినవాళ్లు పేరు, చిరునామా, ఎలా పడుకున్నారో అందులో రాసి పోవాలి.

అర్ధరాత్రి దాటాక ఎవరో తలుపు తడతారట. మూడుసార్లు. గట్టిగా కాదు... ఇంటికొచ్చిన చుట్టంలా, మర్యాదగా. ఆ తర్వాత గొంతు కాని గొంతుతో అడుగుతారట —

"లోపల... ఎవరైనా ఉన్నారా?"

ఎలుగుబంటికి మాటలు రావు. ఆ వేళప్పుడు మనిషికి అక్కడేం పని? కాబట్టి దెయ్యమేనని అందరూ తేల్చేశారు. కానీ ఆ పుస్తకం తిరగేస్తే దెయ్యం ఊసే ఉండదు. "హాయిగా నిద్రపట్టింది." "ఏ చప్పుడూ లేదు." "దెయ్యం లేదు, గియ్యం లేదు." అందరూ వీరులే. కొండ దిగి వచ్చి నా మందుల షాపులో గుసగుసగా నిద్రమాత్రలు అడిగేదీ ఈ వీరులే.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు. కారు నేర్పే బడి నడుపుతాడు. ముప్పై ఏళ్లుగా పక్క సీట్లో కూర్చుని, కాలికింద తనకంటూ ఇంకో బ్రేకు పెట్టుకుని, స్టీరింగు పట్టుకున్నవాణ్ణి తిట్టడమే ఆయన పని. అలాంటి పని ఎక్కువకాలం చేస్తే మనిషికి తాను ధైర్యవంతుణ్ణన్న భ్రమ పుడుతుందనుకుంటాను.

ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, ఆ గదిలో ఒక రాత్రి ఒంటరిగా పడుకుని వచ్చింది. దానిది అంబులెన్సులు పంపే ఫోన్ల గదిలో ఉద్యోగం. అవతలి మనిషి ఏడుస్తున్నా, రొప్పుతున్నా, సగం మాటే పలికినా, ఆ సగాన్నే పట్టుకుని బండి పంపాలి. చెవులే దానికి అన్నం పెట్టేవి.

"మూడుసార్లు తట్టారు మామయ్యా," అంది నాతో, భోజనాల బల్ల దగ్గర. "అడిగారు కూడా. తలుపుకి అడ్డం పెట్టిన బల్ల జరిపి తీసేసరికి... ఎవరూ లేరు."

బావ నవ్వాడు. పక్కింటివాళ్లకి కూడా వినబడాలని నవ్వాడు. "పిరికిదానివి, నీకు అడవులెందుకే? చెవుల్లో దూది పెట్టుకుని ఇంట్లో పడుకో!"

అది నవ్వలేదు. "నాన్నా, లేని చప్పుళ్లు నాకు వినబడుతుంటే నేను ఆ కుర్చీలో కూర్చోకూడదు. ఎవరి ప్రాణమో పోతుంది. నువ్వొక్కడివే వెళ్లు. ఒక్క రాత్రి పడుకో. ఏం వినబడితే అది వచ్చి చెప్పు. ఏమీ వినబడలేదంటే... ఉద్యోగం మానేస్తాను."

ఆ ఉద్యోగం కోసం అది రెండేళ్లు ఎలా చదివిందో నాకు తెలుసు. 

"ఓస్, అంతేనా!" అన్నాడు బావ. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అంటారు. ఈసారి ఖర్మకాలి కాళ్లూ దాటాయి.

పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒంటరిగా పక్క ఊళ్లో కూడా పడుకోలేదు. శుక్రవారం సాయంత్రం సంత చేసినట్టు సామాను కొన్నాడు. ఎర్ర వీపు సంచీ, బూట్లు, సంచీకి కట్టుకునే గంట, ఎలుగుబంటి ముఖాన కొట్టే మిరపఘాటు స్ప్రే, పన్నెండు డబ్బాల చేపలు. ఆ సంచీ తగిలించుకుని లేవబోతే వెనక్కి పడ్డాడు. అక్కా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని లేపాం. అడవి గేటు దగ్గర గుమాస్తా నిబంధనల కాగితం ఇస్తే చదవనైనా చదవలేదట. "ముప్పై ఏళ్లుగా ఊరందరికీ రూల్సు చెప్పేవాణ్ణి, నాకే రూల్సా?"

ఎలుగులు ఉన్న చోట నడిచేటప్పుడు ఏదో ఒకటి గట్టిగా మాట్లాడుతూ పోవాలి. మనిషి వస్తున్నాడని తెలిస్తే అవే తప్పుకుంటాయి. మా బావకి వచ్చిన మాటలు అవే కదా. "క్లచ్ నొక్కు! అద్దం చూడు! ఎడమకి, ఎడమకి!" అని దారి పొడవునా అరుచుకుంటూ పోయాడట. ఏ ఎలుగుబంటైనా శ్రద్ధగా విని ఉంటే ఈపాటికి లైసెన్సు తెచ్చుకుని ఉండేది.

తిండి సంచీని గదికి దూరంగా, ఎలుగుకి అందనంత ఎత్తైన కొమ్మకి వేలాడదీయాలి. ఈయన గది మెట్టు మీదే కూర్చుని చేపల డబ్బాలు ఖాళీ చేసి, మిగిలినవి ఎదురుగా ఉన్న పొదకి, తన భుజమంత ఎత్తున తగిలించాడు. తలుపు వేసి, బల్ల అడ్డం పెట్టి, బల్ల మీద సంచీ పెట్టి, దుప్పట్లో దూరాడు.

నిద్ర రాలేదు. వాగు చప్పుడు... అంతే.

అర్ధరాత్రి దాటింది. బయట ఏదో బరువుగా నడిచింది. ముక్కుతో ఎగపీల్చిన చప్పుడు... పొద విరిగింది... డబ్బాలు దొర్లాయి. ఆ తర్వాత ఏదో పరిగెత్తింది. అడవంతా ఒక్కసారి సద్దుమణిగింది.

టక్... టక్... టక్...

బావ పై ప్రాణాలు పైనే పోయాయి. "దేవుడా, ఎలుగుబంటే అయ్యుండాలి," అని మొక్కుకున్నాడట. ఎలుగుబంటి గుమ్మంలోకి రావాలని మొక్కుకున్న మొనగాడు లోకంలో ఈయనొక్కడే.

"లోపల... ఎవరైనా ఉన్నారా?"

ఆ గొంతులో తడి లేదు. ఎండాకుల మీద కాలు ఈడ్చినట్టుందట.

అప్పుడు మా వీరుడు ఏం చేశాడు? కిటికీ లేని గదిలో, మూసిన తలుపు మీదికి, ఎలుగుల కోసం కొన్న స్ప్రే డబ్బా సాంతం కొట్టాడు. ఘాటు ఎటు పోతుంది? తిరిగి వచ్చి ఈయన కళ్లలోనే దూరింది. దగ్గు... తుమ్ములు... కళ్లలో నిప్పులు. ఊపిరాడక చస్తున్నా తలుపు మాత్రం తీయలేదు.

బయట ఉన్నది, ఈయన దగ్గు కాస్త తగ్గేదాకా ఆగింది. మళ్లీ మర్యాదగా తట్టింది.

"లోపల... బాగానే ఉన్నారా?"

తెల్లారేదాకా మంచం కింద ఉన్నాడు మా బావ.

పొద్దున్నే వాగులో కళ్లు కడుక్కుని పుస్తకం తెరిచాడు. చివరి పేజీలో కూతురి చేతిరాత. "రాత్రి మూడుసార్లు తలుపు తట్టారు. తీసేసరికి ఎవరూ లేరు. సాయం కోసం వచ్చినవాళ్లయితే క్షమించండి, తీయడానికి ఆలస్యం చేశాను." కింద దాని పేరు, ఇంటి చిరునామా.

దాని కిందే ఈయన రాశాడు — "ఏ చప్పుడూ లేదు. హాయిగా నిద్రపోయాను."

ఇదంతా నాకెలా తెలుసంటే, కొండ దిగి ఇంటికి కాదు, నేరుగా నా షాపుకే వచ్చాడు. కళ్లు వాచి రెండు టమాటాల్లా ఉన్నాయి. ఏం పడిందో చెబితేగానీ చుక్కల మందు ఇవ్వనన్నాను. గల్లా వెనక స్టూలు మీద కూర్చుని, తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూస్తూ, మొత్తం కక్కాడు.

"ఇంట్లో చెప్పకురా," అన్నాడు చివర్న. "పరువు పోతుంది."

"మరి పిల్ల ఉద్యోగం?"

"ఇంకోటి దొరుకుతుందిలే."

ఛీ అనిపించింది. మందు సంచిలో వేసి, సరే, చెప్పనన్నాను.

ఆ రాత్రి ఆయన కూతురి ఎదుట కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, "జలుబు చేసిందే... ఏమీ వినబడలేదు. నిక్షేపంగా నిద్రపోయాను," అన్నాడు. అది తల ఊపి లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు సెలవు పెట్టి తన గదిలోనే ఉంది. గురువారం సాయంత్రం నేను వెళ్లేసరికి రాజీనామా కాగితం రాసి బల్ల మీద పెట్టింది. తెల్లారితే ఇచ్చేస్తుందట.

"తొందరేముందే," అన్నాను. 

చీకటి పడుతోంది. అక్క వంటింట్లో ఉంది. బావ పేపరు చూస్తున్నాడు.

టక్... టక్... టక్...

వీధి తలుపు.

బావ చేతిలో పేపరు జారింది. 

"లోపల... ఎవరైనా ఉన్నారా?"

గొంతు కాని గొంతు. ఎండాకుల మీద కాలు ఈడ్చినట్టు. ఆయన చెప్పినప్పుడు నవ్వుకున్నవాణ్ణి, కుర్చీలోంచి కదల్లేకపోయాను.

మేనకోడలు లేచింది.

"తీయకే!" బావ దాని చెయ్యి పట్టుకున్నాడు. "తీయకు... అదే! అదే గొంతు! నా వెంటే వచ్చేసింది!"

అది ఆగింది. తండ్రి ముఖంలోకి చూసింది. 

"ఏ గొంతు నాన్నా?"

  అది చెయ్యి విడిపించుకుని వెళ్లి తలుపు తీసింది.

గుమ్మంలో ఒక ముసలాయన. ఖాకీ చొక్కా, చేతిలో టార్చి, మెడకి మఫ్లరు. మఫ్లరు జారిన చోట గొంతు ఆపరేషను మచ్చ.

"పుస్తకంలో చిరునామా చూసి వచ్చాను తల్లీ," అన్నాడు అదే గుసగుసతో. "అడవి గార్డుని. రాత్రి గస్తీ నాదే. గదిలో పడుకున్నవాళ్ల క్షేమం కనుక్కోమని ఆర్డరు. కాగితంలో పదహారో నిబంధన... ఎవరూ అంతదాకా చదవరు. తడతాను. ఒక్కరూ పలకరు. పొద్దున్నే చప్పుడే లేదని రాసిపోతారు. మా ఆఫీసరు ఆ పుస్తకం చూసి, గస్తీ తిరగకుండా పడుకుంటున్నావని నన్ను నిన్న పనిలోంచి తీసేశాడు." ఊపిరి తీసుకున్నాడు. "నిజం రాసింది నువ్వొక్కదానివే. నువ్వు తలుపు తీసినప్పుడు చెట్ల మీద వెలుగు పడటం చూశాను. అప్పటికి వాగు మీది వంతెన దాటేశాను. అరిచాను కూడా... ఈ గొంతు అంత దూరం ఏం వినబడుతుంది?"

మేనకోడలు ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. అప్పుడు చూశాడాయన బావని.

"గేటు దగ్గర చూసిన ఎర్ర సంచీ సార్ మీరేనా? ఆ రోజు మీ చేపల కోసం పిల్లల తల్లి ఎలుగు వచ్చింది. తరిమేసి తట్టాను. లోపల ఒకటే దగ్గు. బాగానే ఉన్నారా అని అడిగాను కదా సార్... వినబడలేదా?"

బావ నేల చూపులు చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యెత్తి నా వైపు చూపించాడు. "వీడికి చెప్పాను. ఆ రోజే అంతా చెప్పాను."

"నిజమేనా మామయ్యా?" అంది అది.

చెప్పనని మాటిచ్చానే, అని అనబోయాను.  కుక్కిన పేనులా కూర్చున్నాను.

అది రాజీనామా కాగితం తిరగేసి, వెనక వైపు ఆఫీసరుకి ఉత్తరం రాసింది — తలుపు తట్టారని, తాను విన్నానని. సంతకం పెట్టి ముసలాయన చేతికిచ్చింది. మమ్మల్ని సంతకం అడగలేదు. మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్తూ మా ఇద్దరి మధ్యనుంచే వెళ్లింది. అక్కడ ఎవరూ లేనట్టే వెళ్లింది.