ఊదా దారం కుట్టు

"ఆ దుడ్డు పోతే మేము నలభై మందీ చచ్చినట్టే మేడమ్!"

ఈరమ్మ ఇన్‌స్పెక్టర్ జరీనా చేతులు పట్టేసుకుంది.

మధ్యాహ్నం 2.10. పోలీస్ స్టేషన్.

నెల కిందట ఎవరో స్టేషన్‌కి ఫోన్ చేశారు. బెంగళూరు బొమ్మనహళ్ళి బస్టాప్‌లో పోలీసులు ఈరమ్మ సంచి పట్టుకున్నారు. లోపల గుడ్డతో కుట్టిన పొట్లం. అందులో మూడు లక్షల ఇరవై వేలు, చిటికెడు తెల్ల పౌడర్. డ్రగ్సేనని ల్యాబ్ తేల్చింది. డబ్బు సీజ్ అయింది, ఈరమ్మ బెయిల్ మీద బయటుంది.

బాకీ జీతాల కోసం తమ గార్మెంట్స్ కంపెనీ మీద కేసు వెయ్యడానికి అక్కడ కుట్టే ఆడవాళ్ళు కూడబెట్టిన డబ్బది, ఈరమ్మ మాట ప్రకారం.

ఫోన్ మోగింది. ఏసీపీ.

"పౌడర్ దొరికింది కదా! డబ్బు జప్తు ఖాయమని రాసెయ్."

"అది డ్రగ్స్ అమ్మిన డబ్బని చూపాలి సార్. అమ్మినవాడు లేడు, కొన్నవాడు లేడు."

"జప్తు ఖాయం చెయ్యడానికి నెల గడువు ఇవాళ్టితో సరి. నాలుగింటికి రిపోర్టు నా టేబుల్ మీదుండాలి."

జరీనా పొట్లాన్ని లైటు కింద తిప్పింది. ఒక అంచు పోలీసులు కోసింది. రెండు అంచులు చేతికుట్టు, తెల్ల దారం. నాలుగోది...

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దీన్ని దేంతో కుట్టావు ఈరమ్మా?"

"సూదితోనే. ఇంట్లో మిషన్ యాడుండాది?"

"సంచి నీ చేతిలో లేనిది ఎప్పుడు?"

"డ్యూటీలో. సంచులన్నీ గేటు కాడ ఇచ్చేస్తాం. దుడ్డు సంగతి మా కుట్టు లైన్లో అందరికీ తెలుసు."

3.25. ఫ్యాక్టరీ గేటు గది. సూపర్‌వైజర్ సురేశ్, వాచ్‌మన్ గోపాలప్ప ఎదురుగా నిలబడ్డారు.

"ఈ అంచు విప్పి, పౌడర్ చల్లి, మళ్ళీ కుట్టారు. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద, ఊదా దారంతో. స్టోర్ రిజిస్టర్ చూశాను. సంచి పట్టుబడిన రోజు ఊదా దారం వెళ్ళింది నమూనాలు కుట్టే శాంపిల్ రూమ్‌కి ఒక్కదానికే. ఆ గది తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"ఒకటి నా దగ్గర, ఒకటి ఈ ముసలాయన దగ్గర." సురేశ్ నవ్వుతూ గోపాలప్ప భుజం మీద చెయ్యేశాడు. "సంచులూ ఈయన దగ్గరే. ఇంకేం కావాలి మేడమ్?"

సురేశ్ వేళ్ళు ఆ భుజం మీద బిగుసుకున్నాయి.

"గోపాలప్పా, ఓవర్‌లాక్‌కి దారం ఎక్కించగలవా?"

"సూదికే ఎక్కించలేనమ్మా. కండ్లు ఆనవు."

"మరి సంచి ఎవరికిచ్చావు?"

గోపాలప్ప అద్దం వైపు చూశాడు. అద్దం అవతల మిషన్ల హోరు. మూడో లైన్లో అతని కూతురు తల వంచుకుని కుడుతోంది.

"నా బిడ్డ ఈడనే పనిచేస్తా ఉండాది..."

"చెప్పకపోతే కేసు నీ మీదే."

"నన్ను జైలుకి పంపిస్తావా గోపాలప్పా?" జరీనా వెంట వచ్చిన ఈరమ్మ తలుపు దగ్గర నుంచి అడిగింది.

3.41. గోపాలప్ప భుజం మీది చేతిని విదిలించి కొట్టాడు.

"వీడే మేడమ్! లంచ్ బెల్లుకి ముందు సంచి తీస్కపోయింది ఈ సురేశే!"